మిల్లీసెకనుకి మూడు వారాల లెక్క

1951లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం తన కంప్యూటర్‌ను మార్పులు చేర్పుల కోసం కొన్ని నెలలపాటు ఆపేసింది. దాని పేరు ఎడ్సాక్. దానిమీదే ఆశ పెట్టుకున్న ఆండ్రూ హక్స్‌లీకి ఇక మిగిలింది బ్రన్స్‌విగా అనే చేతిలెక్కల యంత్రం ఒక్కటే. పిడి తిప్పాలి, వచ్చిన అంకె కాగితం మీద రాసుకోవాలి, మళ్లీ తిప్పాలి. స్క్విడ్ అనే సముద్రజీవి నరం వెంట ఒక సంకేతం ఎలా పరుగెడుతుందో సమీకరణాల్లోంచి రాబట్టడానికి అతనికి మూడు వారాలు పట్టింది. నరంలో ఒక చోట ఆ సంకేతం వచ్చిపోవడానికి పట్టేది ఒకటి రెండు మిల్లీసెకన్లు.

సంకేతం సెకనుకి 18.8 మీటర్ల వేగంతో పోవాలని లెక్క తేల్చింది. అసలు నరంలో కొలిస్తే 21.2 మీటర్లు. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా రావడం ఎందుకు గొప్పో చెప్పాలి. సమీకరణాల్లోకి వేగానికి సంబంధించిన కొలత ఒక్కటీ ఎక్కలేదు. హక్స్‌లీ, అతని పెద్ద సహచరుడు అలన్ హాజ్‌కిన్ సంకేతాన్ని అసలు కదలనివ్వకుండా కట్టిపడేసి, నరం పొరలోంచి ఏ ఓల్టేజీ దగ్గర ఎంత కరెంటు పోతోందో మాత్రమే కొలిచారు. నిలబెట్టి తీసిన ఆ కొలతల్లోంచే పరుగు తనంత తాను బయటికొచ్చింది. నాడీవ్యవస్థను గణితంలో పెట్టడానికి ఆ తరవాత ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. ఇంత నిక్కచ్చిగా నిలబడ్డవి కొన్నే.

స్క్విడ్ ఎందుకంటే, దాని నరం లావు. మన నరాల్లో ఒక్కొక్క తీగ, అంటే నాడీకణం నుంచి పొడుగ్గా సాగే యాక్సాన్, మిల్లీమీటరులో వెయ్యో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా ఉంటుంది. స్క్విడ్‌లో ఒక యాక్సాన్ అర మిల్లీమీటరు, ఒక్కోసారి మిల్లీమీటరు కూడా ఉంటుంది. శత్రువు కనబడగానే ఒంట్లోని నీటిని ఒక్కసారిగా చిమ్మి వెనక్కి దూసుకుపోవడం దాని బతుకుతెరువు. ఆ కండరాలకు కబురు ఆలస్యమైతే ప్రాణం పోయినట్టే. మన వేగమైన నరాలకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. దానివల్ల సన్నటి తీగలోనే సంకేతం సెకనుకి వంద మీటర్ల పైన పోగలదు. స్క్విడ్‌కు ఆ తొడుగు లేదు. వేగం కావాలంటే లావెక్కడమే దానికి మార్గం. ఇంత లావుండబట్టి అది రక్తనాళం కాబోలని పొరబడ్డవాళ్లూ ఉన్నారు. అది నరమేనని 1936లో ఇంగ్లండు జంతుశాస్త్రజ్ఞుడు జె.జెడ్. యంగ్ తేల్చి చెప్పాక శరీరధర్మ శాస్త్రజ్ఞుల చూపంతా దానిమీద పడింది. లోపలికి ఎలక్ట్రోడ్ దూర్చగలిగినంత పెద్ద నరం మరెక్కడ దొరుకుతుంది?

1939 ఆగస్టులో ప్లిమత్ రేవులోని సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో హాజ్‌కిన్, హక్స్‌లీ ఆ పనే చేశారు. పెద్దవాడికి పాతికేళ్లు, చిన్నవాడికి ఇంకా ఇరవై రెండు నిండలేదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నరం లోపలి భాగం బయటికంటే కొన్ని పదుల మిల్లీఓల్టులు రుణంగా ఉంటుందని అప్పటికే అనుకునేవారు. సంకేతం వచ్చినప్పుడు ఆ తేడా చెరిగిపోయి సున్నాకి చేరుతుందని అప్పటి సిద్ధాంతం. వీళ్ల తెరమీద గీత సున్నా దగ్గర ఆగలేదు. దాన్ని దాటి పైకెళ్లి, క్షణకాలం లోపలి భాగాన్ని ధనంగా మార్చి, మళ్లీ కిందికి దిగింది. ఎందుకో వాళ్లకీ అర్థం కాలేదు. వివరణ జోలికి పోకుండా నేచర్ పత్రికకు చిన్న నివేదిక పంపారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. హాజ్‌కిన్ రాడార్ పనిలోకి, హక్స్‌లీ ఫిరంగుల గురి లెక్కల్లోకి వెళ్లిపోయారు. సున్నా దాటిన ఆ గీత చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది.

ఆ గీత వెనకున్న సంగతి ఇప్పుడు కాలేజీ పుస్తకాల్లో ఉంది. నాడీకణం బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. రెండూ ధనావేశం ఉన్న అయాన్లే. విశ్రాంతిలో పొర పొటాషియంను కొద్దికొద్దిగా బయటికి జారనిస్తుంది, సోడియంను దాదాపు రానివ్వదు. అందువల్ల లోపల సుమారు 70 మిల్లీఓల్టుల లోటు నిలుస్తుంది. 70 మిల్లీఓల్టులంటే టార్చిలైటు బ్యాటరీలో ఇరవయ్యో వంతు, లెక్కలోకి రానంత చిన్నదనిపిస్తుంది. కానీ అది నిలబడింది మీటరులో వంద కోట్లవ వంతుకి ఓ ఆరేడు రెట్లు మందమున్న పొరమీద. మీటరు లెక్కకు మార్చి చూస్తే సుమారు కోటి ఓల్టులు. గాలిలో నిప్పురవ్వ దూకడానికి అందులో మూడో వంతు చాలు.

ఈ బిగువు ఒక స్థాయికి మించి సడలితే పొరలోని సోడియం ద్వారాలు టక్కున తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూకుతుంది, బిగువు ఇంకా సడలుతుంది, మరిన్ని ద్వారాలు తెరుచుకుంటాయి. సున్నాను దాటించింది ఈ ఎదురులేని ఉరుకే. వెంటనే సోడియం ద్వారాలు వాటంతటవే మూసుకుంటాయి, నింపాదిగా తెరుచుకునే పొటాషియం ద్వారాలు పొటాషియంను బయటికి వదిలి పాత స్థితి తెస్తాయి. ఈలోగా పక్కనున్న పొరకు సెగ తగులుతుంది, అక్కడా ఇదే తంతు. దీపావళి నాటి సీమటపాకాయల సరంలో చివరి కాయ కూడా మొదటి కాయంత గట్టిగానే పేలినట్టు, నరం ఈ చివర బయల్దేరిన సంకేతం ఆ చివరికి ఏమాత్రం తగ్గకుండా చేరుతుంది. మన ఇళ్లలోని కరెంటు తీగ అలా కాదు, దూరం పెరిగేకొద్దీ నష్టమే.

పంటి డాక్టరు చిగురుకి ఇచ్చే లిడోకైన్ ఇంజెక్షన్ ఈ సోడియం ద్వారాలనే మూసిపెడుతుంది. పంటి దగ్గర జరగాల్సిందంతా జరుగుతూనే ఉంటుంది, కబురు మాత్రం పైకి పోదు.

యుద్ధం తరవాత సోడియం, పొటాషియం ప్రవాహాలు రెండింటినీ విడదీయడానికి కావలసిన పనిముట్టు అమెరికాలో కెనెత్ కోల్, జార్జ్ మార్మాంట్ తయారుచేశారు. ఓల్టేజీని మనం కోరిన చోట బిగించి పట్టుకుని, అలా పట్టి ఉంచడానికి ఎంత కరెంటు పంపాల్సి వస్తోందో చూసే ఏర్పాటది. దాన్ని మెరుగుపరిచి, 1949 వేసవిలో ప్లిమత్‌కు తిరిగొచ్చి, హాజ్‌కిన్, హక్స్‌లీ వందల కొలతలు తీశారు. ఒక దశలో బెర్నార్డ్ కాట్జ్ కూడా తోడున్నాడు. సముద్రపు నీటిలోంచి సోడియంను తీసేసి కొలిస్తే ఒక ప్రవాహం మాయమైంది. మిగిలింది పొటాషియందే. 1952లో వరసగా వెలువడ్డ అయిదు వ్యాసాల్లో చివరిది నాలుగు అవకలన సమీకరణాల నమూనా. 1963లో హాజ్‌కిన్, హక్స్‌లీలకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ నమూనాలో ఒక చిన్న చోటు నాకు మరీ ఇష్టం. పొటాషియం ప్రవాహం పెరిగే తీరును గీతకు కుదర్చడానికి వాళ్లు ఒక చలరాశిని నాలుగో ఘాతానికి ఎత్తారు. నాలుగు చిన్న అణు భాగాలు ఒకేసారి సరైన స్థితిలో ఉంటేనే ద్వారం తెరుచుకుంటుందన్నట్టు. అయిదో ఘాతమో ఆరో ఘాతమో పెడితే ఇంకా బాగా కుదురుతుందనీ, ఆ కాస్త మెరుగుకోసం అంత అదనపు చిక్కు అనవసరమనీ వాళ్లే రాశారు. చేత్తో పిడి తిప్పేవాడి మాట అది! 1998లో రాడరిక్ మకినన్ బృందం ఒక పొటాషియం ద్వారం నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో ఫోటో తీసినంత స్పష్టంగా బయటపెట్టింది. ఒకే రకమైన నాలుగు ప్రొటీన్ భాగాలు గుండ్రంగా కూర్చుని ఉన్నాయి. దీన్ని జోస్యం అనడం అతిశయోక్తి. సోడియం విషయంలో వాళ్ల బొమ్మ అంత చక్కగా అతకలేదు కూడా. అయినా ద్వారమనేది ఒకటుందో లేదో ఎవరికీ తెలియని రోజుల్లో, కంటికి కనబడని యంత్రం ఆకారాన్ని కరెంటు గీతలోంచి అంత దూరం ఊహించగలిగారు.

ప్రతి సంకేతంతోనూ కొంత సోడియం లోపలికి చేరుతుంది, కొంత పొటాషియం బయటికి పోతుంది. వాటిని తిరిగి యథాస్థానాలకు చేర్చే పంపు పొరలోనే ఉంది. డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ 1957లో ఎండ్రకాయ నరాల్లో దాని జాడ పట్టాడు. మూడు సోడియంలను బయటికి తోసి, రెండు పొటాషియంలను లోపలికి లాగుతుంది. ఒక్కో తిప్పుకి, కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. ఆ ఏటీపీని 1929లో కండరంలో కనిపెట్టినవాళ్లలో ఒకరు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయనా, జర్మనీలో కార్ల్ లోమన్ విడిగానూ ఆ ఏడే దాన్ని చేరుకున్నారు. ఒంటి బరువులో రెండు శాతమున్న మెదడు విశ్రాంతిలో ఒంటి శక్తిలో అయిదో వంతు తినేస్తుంది. అందులో పెద్ద వాటా ఈ పంపులదే. మనం ఏమీ ఆలోచించకుండా పడుకున్నా బిల్లు పెద్దగా తగ్గదు.

యాక్సాన్ చివరికి వచ్చాక సంకేతం ఆగిపోతుంది. అవతలి కణానికీ దీనికీ మధ్య సన్నటి ఖాళీ, సైనాప్స్. విద్యుత్తు ఆ ఖాళీని దూకదు (సూటిగా అతుక్కున్న కణాలూ కొన్ని ఉన్నాయి, వాటి సంగతి వేరు). తీగ చివరనున్న చిన్న తిత్తులు పగిలి ఒక రసాయనం ఒలుకుతుంది, అవతలి పొరమీది గ్రాహకాలకు అంటుకుంటుంది, అక్కడ కొత్త ద్వారాలు తెరుచుకుంటాయి. నరం నుంచి కండరానికి కబురు మోసే రసాయనం అసిటైల్‌కోలిన్. మన పొలాల్లో మనుషులను చంపే విషాలు కొన్ని సరిగ్గా ఈ ఖాళీ దగ్గరే కాపు కాస్తాయి. నాగుపాము విషం అవతలి గ్రాహకాలకు అతుక్కుని అసిటైల్‌కోలిన్‌కు చోటు లేకుండా చేస్తుంది. కట్లపాము విషంలో ప్రధానమైనది ఇవతలి వైపు, తీగ చివరనే పాడుచేస్తుంది. అందుకే రాత్రి నిద్రలో కట్లపాము కరిచినవాళ్లకు కాటు దగ్గర వాపేమీ లేకపోయినా తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, ఆపైన ఊపిరి కండరాలు ఆగుతాయి. పత్తి చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులది తిరగబడ్డ దారి. వాడిన అసిటైల్‌కోలిన్‌ను ఎప్పటికప్పుడు ఊడ్చేసే ఎంజైమును అవి పట్టి ఆపేస్తాయి. కబురు అందకపోవడం కాదు, అందిన కబురు ఆగకపోవడం. నోట్లో చొంగ, చెమట, కండరాల అదురు, చివరికి మళ్లీ ఊపిరే. నాగుపాము కాటుకి డాక్టర్లు ఇచ్చే నియోస్టిగ్మిన్ పనిచేసేది కూడా ఆ ఎంజైము మీదే. రసాయనాన్ని కొంచెంసేపు నిలవనిచ్చి, విషంతో పోటీకి దించుతుంది. కట్లపాము కాటుకి అది అంతగా పనిచేయకపోవడానికి కారణం పైన చెప్పిందే: ఒలకాల్సిన చోటే పాడైతే నిలవబెట్టడానికి ఏముంది?

ఇంత రసాయనాన్నీ ఒక్క గీతతో కొట్టేసినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. హాజ్‌కిన్, హక్స్‌లీల నమూనాకంటే తొమ్మిదేళ్ల ముందే, 1943లో, చికాగోలో వారెన్ మకలక్ అనే నడివయసు నాడీశాస్త్రజ్ఞుడు, వాల్టర్ పిట్స్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు కలిసి ఒక వ్యాసం రాశారు. పిట్స్‌కు డిగ్రీ లేదు, చదువంతా సొంతంగా చదువుకున్నదే. వాళ్ల నాడీకణానికి సోడియం లేదు, పొటాషియం లేదు. దానికి తెలిసినవి రెండే స్థితులు, పేలడం, పేలకపోవడం. వచ్చిన కబుర్లు కూడి ఒక హద్దు దాటితే పేలుతుంది. ఇలాంటి కణాలను తగిన విధంగా కలిపితే తర్కంలో ఉన్న ఏ వాక్యాన్నయినా వలగా కట్టవచ్చని రుజువు చేశారు.

అక్కడి నుంచి నేటి కృత్రిమ మేధ దాకా కథ తెలుగు పత్రికల్లో ఈమధ్య చాలాసార్లు వచ్చింది, క్లుప్తంగా చెబుతాను. 1950ల చివర్లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ 400 ఫోటోసెల్స్‌తో పర్‌సెప్ట్రాన్ యంత్రం కట్టి, కణాల మధ్య కలుపుల బలాన్ని తప్పొప్పులను బట్టి మార్చుకోవడం నేర్పాడు. ఒకే వరస ఉన్న అలాంటి వల కొన్ని చాలా తేలికైన తేడాలనే పట్టలేదని 1969లో మిన్‌స్కీ, పాపెర్ట్ చూపించారు. చాలా వరసల వలకు చివరి తప్పును వెనక్కి పంచుతూ నేర్పే పద్ధతిని 1986లో రుమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ జనంలోకి తెచ్చారు. 2024లో హింటన్‌కూ, జ్ఞాపకాన్ని భౌతికశాస్త్రం కళ్లతో చూసిన జాన్ హాప్‌ఫీల్డ్‌కూ కలిపి భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

ఈ వలల్లో 'న్యూరాన్' అనే మాట విని జనం మెదడును ఊహించుకుంటారు. అందులో జరిగేది కొన్ని అంకెలను గుణించి, కూడి, హద్దుతో పోల్చడం. దానికి కాలం తెలియదు, అలసట లేదు. ఆ మాత్రానికి అది మోసం అనను, అడిగిన పనికి అది చాలింది. అయితే అసలు నాడీకణం దీనికి ఎంత దూరంలో ఉందో చూడాలంటే ఒక చక్కటి పరీక్ష ఉంది. జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బెనియాగ్యెవ్, ఇదాన్ సెగెవ్, మైకేల్ లండన్ ఎలుక మెదడు పైపొరలోని ఒక్క కణాన్ని వివరంగా అనుకరించి, అది చేసే పనిని కృత్రిమ వలకు నేర్పించారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం, ఆ ఒక్క కణాన్ని సరిగ్గా అనుకరించడానికి అయిదు నుంచి ఎనిమిది వరసల వల కావలసి వచ్చింది. కణం కొమ్మల్లోనే, అంటే డెండ్రైట్లలో, చాలా లెక్క జరిగిపోతోందన్నమాట.

మరి హాజ్‌కిన్, హక్స్‌లీ తీరులో ప్రతి ద్వారాన్నీ పెట్టి మెదడు మొత్తం కట్టేస్తే? స్విట్జర్లాండులోని లొజాన్‌లో 2005లో మొదలైన బ్లూ బ్రెయిన్ ప్రాజెక్టు ఆ దారే పట్టింది. 2015లో ఎలుక మెదడు ముక్క ఒకదాన్ని, ఆవగింజ కంటే చిన్నదాన్ని, సుమారు 31,000 కణాలతో సూపర్ కంప్యూటర్‌లో నిలబెట్టారు. పనితనంలో లోటు లేదు. కానీ దాన్ని ఏ ప్రశ్న అడగాలన్నది ముందు తేల్చుకోకుండా వివరాలు పేర్చుకుంటూ పోయారనే విమర్శతో నేను ఏకీభవిస్తాను. స్క్విడ్ నమూనా వేగం ఎంతో చెప్పమంటే చెప్పింది. ఈ 31,000 కణాలను ఏం చెప్పమంటాం?

మనిషి మెదడు దాకా పోవాలంటే ఇంకా దూరం. అందులో ఎన్ని నాడీకణాలున్నాయన్నదే మొన్నమొన్నటి దాకా ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు. పుస్తకాలన్నీ పది వేల కోట్లని ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకుంటూ వచ్చాయి. బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ మెదడును కరిగించి ద్రవంగా మార్చి, అందులో తేలే కణకేంద్రకాలను లెక్కపెట్టే పద్ధతి తెచ్చింది. 2009లో వచ్చిన అంకె 8,600 కోట్లు. అందులోనూ దాదాపు అయిదింట నాలుగు వంతులు వెనకనున్న చిన్నమెదడులోనే.

అందుకే కొందరు చిన్న ప్రాణుల దగ్గర ఆగారు. కేంబ్రిడ్జిలో సిడ్నీ బ్రెన్నర్ బృందం మిల్లీమీటరు పొడవున్న సీ.ఎలిగాన్స్ అనే పురుగును సన్నటి పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఒక్కో తీగనూ చేత్తో గుర్తిస్తూ, 1986లో 340 పేజీల పటం ప్రచురించింది. 302 నాడీకణాలు, వాటి మధ్య కొన్ని వేల సైనాప్స్‌లు. 2024 అక్టోబరులో ప్రిన్స్‌టన్ కేంద్రంగా అనేక దేశాలవాళ్లు కలిసి పండ్లమీద వాలే ఈగ మెదడు మొత్తానికి పటం పూర్తి చేశారు. 1,39,255 కణాలు, అయిదు కోట్లకు పైగా కలుపులు.

ఆ పటంతో పాటే వచ్చిన ఒక వ్యాసం నన్ను ఆశ్చర్యపరిచింది. ఫిలిప్ షియూ బృందం ఈగ మెదడులోని ప్రతి కణాన్నీ దాదాపు ఒకే మూసలో, ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ లాపిక్ 1907లో సూచించిన బాటలో, కబుర్లు పోగేసుకుని హద్దు దాటితే పేలే సాదా యంత్రంగా పెట్టింది. ద్వారాల వివరం ఏమీ లేదు. ఎవరికి ఎవరితో ఎంత కలుపు, అది రెచ్చగొట్టేదా అణచేదా, అంతే. నమూనాలో తీపి రుచి కణాలను కదిపితే ఈగ తొండం చాపే కండరాలను నడిపే నాడీకణాలు మేల్కొన్నాయి. మధ్యలో ఏ కణాలు అవసరమని నమూనా చెప్పిందో వాటిని నిజం ఈగల్లో పరీక్షిస్తే చాలావరకు నిజమైంది. ఇంత మోటు నమూనా అంత పని చేస్తుందని నేననుకోలేదు.

దీన్ని చూసి పటం ఉంటే చాలుననుకునేలోగా పీత అడ్డొస్తుంది. పీతల, రొయ్యజాతి జీవుల జీర్ణకోశాన్ని నడిపే నాడుల ముడిలో ముప్పై కణాలకు మించవు. వాటి కలుపులు ఎప్పుడో తెలిసిపోయాయి. అమెరికాలో ఈవ్ మార్డర్ దశాబ్దాలుగా చూపిస్తున్నదేమంటే, అదే ముడి మీద వేర్వేరు రసాయనాలు చిలకరిస్తే వేర్వేరు లయలు పలుకుతాయి. తీగ ఒక్కటీ మారదు. 2004లో ఆమె బృందం మూడు కణాల నమూనాలో ద్వారాల, కలుపుల బలాలను మార్చి మార్చి రెండు కోట్లకు పైగా రూపాలు కంప్యూటర్‌లో నడిపి చూసింది. ఒకదానికొకటి పోలికే లేని లక్షల రూపాలు అదే సరైన లయను ఇచ్చాయి. రెండు పీతలు ఒకేలా నములుతున్నాయంటే వాటి లోపల అంకెలు ఒకటేనని అర్థం కాదు. సగటు కొలతలు తీసుకుని నమూనా కట్టేవాళ్లకు ఇది పెద్ద దెబ్బే. ఆ సగటు పీత నిజానికి నమలలేకపోవచ్చు.

పురుగు దగ్గర కూడా ఇదే తేలింది. 2023లో ప్రిన్స్‌టన్‌లో ఆండ్రూ లైఫర్ బృందం బతికున్న సీ.ఎలిగాన్స్‌లో ఒక్కో నాడీకణాన్ని వెలుగుతో కదిపి, మిగతావాటిలో ఏది స్పందిస్తోందో చూసింది. 1986 పటం చూసి ఊహించిన దానికీ, అసలు జరిగినదానికీ చాలా చోట్ల పొత్తు కుదరలేదు. మధ్యలో సైనాప్స్ లేని కణాల మధ్య కూడా కబురు నడిచింది. ఒక కణం న్యూరోపెప్టైడ్ అనే చిన్న ప్రొటీన్ తునకలను చుట్టూ వదిలితే, గ్రాహకం ఉన్న కణం ఎక్కడున్నా అందుకుంటుంది. ఏ కణం ఏ పెప్టైడ్‌ను వదులుతుందో, ఏ కణానికి ఏ గ్రాహకం ఉందో లెక్కగట్టి, తీగల పటంతో పాటు చదువుకోవాల్సిన రెండో పటాన్ని అదే ఏడు ప్రచురించారు. అందులో గీతలు మొదటిదానికంటే ఎంతో దట్టంగా ఉన్నాయి.